ఆమెకు పని దొరికాక ఇంట్లో ఏం మారుతుంది?

బెంగళూరు సర్జాపుర రోడ్డులో కడుతున్న ఏ అపార్ట్‌మెంట్ వెనక్కి వెళ్ళినా రేకుల షెడ్లు వరుసగా కనిపిస్తాయి. శనివారం పొద్దుగూకే వేళకు అక్కడ వినబడే తెలుగులో కదిరి యాస ఉంటుంది, మదనపల్లె యాస ఉంటుంది, పాలమూరు యాస ఉంటుంది. వారం కూలి చేతికొచ్చే రోజు అది. దాన్ని బటవాడా అంటారు. కన్నడంలోనూ అదే మాట కాబట్టి మేస్త్రీ ఎవరైనా ఇబ్బంది లేదు. ఆ డబ్బులో అంగడి బాకీకి ఎంత, ఊళ్ళో అవ్వ దగ్గరున్న పెద్దపిల్లకు ఎంత, దారిలోని బార్‌కు ఎంత అన్నది ఆ రాత్రే తేలాలి. తేలకపోతే గొడవ. రేకు గోడకు అవతలున్నవాళ్ళకు మాట మాటా వినబడుతుంది. వాళ్ళు వినబడనట్టు ఫోన్‌లో పాట సౌండ్ పెంచుకుంటారు.

ఇలాంటి సంసారాలకు నగరంలో సాయం లేదని కాదు. పని నేర్పేవాళ్ళున్నారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 నుంచి నడుస్తోంది, కుట్టుమిషన్ నేర్పే స్వచ్ఛంద సంస్థలున్నాయి, పొదుపు సంఘాలున్నాయి. గొడవలు సర్దేవాళ్ళూ ఉన్నారు. పోలీస్ కమిషనర్ కార్యాలయంలో వనితా సహాయవాణి ఉంది, రాష్ట్ర ప్రభుత్వపు సాంత్వన కేంద్రాలున్నాయి, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 ఉంది. కాకపోతే మొదటివాళ్ళు ఒక మనిషిని చూస్తారు, రెండోవాళ్ళు ఒక కేసును చూస్తారు. మొగుడు, పెళ్ళాం, చంకలో బిడ్డ ముగ్గురినీ కలిపి ఒక ఇల్లుగా చూసే చోటు దొరకడం కష్టం. పని చూపించేవాళ్ళకు ఇంట్లో ఏం జరుగుతుందో పట్టదు. సర్దిచెప్పేవాళ్ళ చేతిలో పని ఉండదు. ఇది శాఖల మధ్య సమన్వయం లేదన్న పాత పాటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. విడివిడిగా అందే సాయం ఒక్కోసారి ఇంట్లో కొత్త చిచ్చు పెడుతుందనడానికి ఈ నగరంలోనే ఆధారం ఉంది.

బెంగళూరు పేదవాడల్లో 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న 744 మంది వివాహితలను కొంతకాలం పాటు మళ్ళీ మళ్ళీ కలిసి మాట్లాడిన పరిశోధన ఒకటుంది. సునీతా కృష్ణన్, కొరిన్ రోకా తదితరులు చేసిన ఈ పని 2009, 2010ల్లో వ్యాసాలుగా వచ్చింది. (హైదరాబాద్‌లో అక్రమ రవాణా మీద పోరాడే సునీతా కృష్ణన్ వేరు, ఈమె ప్రజారోగ్య పరిశోధకురాలు.) ఆ ఆడవాళ్ళలో 56 శాతం మంది భర్త చేత ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తిన్నామన్నారు. అసలు ఆలోచింపజేసేది ఆ తర్వాతి లెక్క. ఒకసారి కలిసినప్పుడు పని లేక, మరోసారి కలిసేసరికి పనిలో చేరిన ఆడవాళ్ళకు హింస ఎదురయ్యే అవకాశాల నిష్పత్తి, పనికి పోకుండా ఉండిపోయినవాళ్ళతో పోలిస్తే 80 శాతం ఎక్కువగా తేలింది. భర్తకు అంతవరకూ నిలకడగా ఉన్న పని కొత్తగా దెబ్బతిన్న ఇళ్ళలో అదే నిష్పత్తి 1.7 రెట్లు. వృత్తి శిక్షణకు వెళ్ళినవాళ్ళలో, సంఘాల్లో తిరిగేవాళ్ళలో, ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళలో కూడా దెబ్బల మాట ఎక్కువగానే వినబడింది.

దీన్నిబట్టి ఆడవాళ్ళు పనికి పోకూడదని ఎవరైనా తేలిస్తే వాళ్ళకు లెక్కలూ రావు, లోకమూ తెలియదు. అప్పటికే మొగుడు తాగుతూ, చేయిచేసుకుంటూ ఉంటే ఆమె పనికి బయల్దేరడం సహజం. అక్కడ పని కారణం కాదు, ఫలితం. రెండూ కలగలిసి ఉంటాయి. అయినా ఒకటి మాత్రం నిలబడుతుంది. ఇంట్లో ఎవరి సంపాదన ఎంతన్నది మారిన రోజుల్లోనే ఆ ఇంటికి ఎక్కువ తోడు కావాలి. ఇప్పుడున్న పద్ధతిలో సరిగ్గా ఆ రోజునే సాయం ఆగిపోతుంది. శిక్షణ కేంద్రం రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా 'ప్లేస్‌మెంట్ అయింది' అని రాసి పేజీ తిప్పేస్తారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో 18-49 ఏళ్ళ వివాహితల్లో 44.4 శాతం మంది భర్త హింసను ఎదుర్కొన్నామన్నారు. అంతకుముందు సర్వేలో ఇది 20.6 శాతం. నాలుగైదేళ్ళలో మగవాళ్ళు అంత మారిపోయారా, ఆడవాళ్ళకు చెప్పుకునే ధైర్యం వచ్చిందా అన్నది వేరే చర్చ. 44 అన్న అంకె మాత్రం ఎటు చూసినా చిన్నది కాదు.

ఆ రేకుల షెడ్లలోని ఒక ఇంటిని ఊహించుకుందాం. అతనిది సెంట్రింగ్ పని. ఆమె నిన్నమొన్నటిదాకా మూడేళ్ళ పిల్లాడితో ఇంటిపట్టున ఉండేది, ఇప్పుడు బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరింది. మొదటి నెల జీతం పడిందన్న మెసేజ్ ఆమెకు రాలేదు, అతనికొచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్ నంబరు అదొక్కటే మరి. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఆ డబ్బుకు అతని మనసులో ఒక లెక్క తయారై ఉంది. ఆమె మనసులో వేరే లెక్క ఉంది, బస్సులో వస్తూ వేసుకున్నది. అంతలో అక్టోబరు వానలకు స్లాబ్ పని పది రోజులు ఆగింది. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి క్యారియర్ కట్టుకుని బయల్దేరేది ఆమె, షెడ్డు ముందు పిల్లాడి ముక్కు తుడుస్తూ కూర్చునేది అతను. పక్క షెడ్డువాడు "ఏం బావా, ఇంటిపట్టునే ఉండావే" అని ఎకసెక్కమాడతాడు. ఆ రాత్రి గొడవ చారులో ఉప్పు దగ్గర మొదలవుతుంది. అసలు సంగతి ఉప్పు కాదని ఇద్దరికీ తెలుసు. వేరే ఏ మాటతో మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియదు.

సంసార శిక్షణ అనేది ఏమైనా ఉంటే అది అందుకోవాల్సింది ఇక్కడే. గొడవ స్టేషన్ గడప తొక్కకముందే, మాట దగ్గరే. మన దగ్గర 'కౌన్సెలింగ్' అనగానే జనానికి గుర్తొచ్చేది పోలీసులు పిలిపించడం. ఆ పేరుతో మొదలుపెడితే ఎవరూ రారు. ఇంటిగుట్టు రట్టు చేసుకోవడానికి ఎవరికి మాత్రం సరదా?

సంసార శిక్షణ అనే ప్రయోగాన్ని పెద్ద ఎత్తున చేసి చూసింది అమెరికా. 2006 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం దాంపత్య శిక్షణకూ, తండ్రుల బాధ్యత కార్యక్రమాలకూ కలిపి ఏడాదికి 15 కోట్ల డాలర్లు కేటాయించింది. పెళ్ళి చేసుకోకుండానే బిడ్డను కన్న, కనబోతున్న పేద జంటల కోసం 'బిల్డింగ్ స్ట్రాంగ్ ఫ్యామిలీస్' అని ఎనిమిది చోట్ల నడిపారు. సుమారు 5,000 జంటలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకదానికి శిక్షణ ఇచ్చి, రెండోదాన్ని పోలికకు ఉంచారు. జంటకు దాదాపు 11,000 డాలర్లు ఖర్చయింది. ఎనిమిది చోట్లా కలిపి చూస్తే ఫలితం సున్నా. అయితే ఆ సున్నా లోపల రెండు ఊళ్ళ కథలున్నాయి. ఓక్లహోమా సిటీలో జంటల అనుబంధం మెరుగుపడింది. అక్కడ పాఠం 30 గంటలే, దాదాపు సగం జంటలు అందులో అధికభాగం పూర్తిచేశాయి. మిగతాచోట్ల అలా పూర్తిచేసినవి పదింట ఒకటి. ఇక బాల్టిమోర్‌లో అసలుకే ఎసరొచ్చింది. 15 నెలల తర్వాత చూస్తే శిక్షణకు ఎంపికైన జంటలే ఎక్కువగా విడిపోయాయి, తీవ్రమైన హింస జరిగిందని చెప్పిన ఆడవాళ్ళూ ఆ గుంపులోనే ఎక్కువ. మూడేళ్ళకల్లా ఆ తేడాలు చెరిగిపోయాయి. పెళ్ళయిన పేద జంటలకు వేరే కార్యక్రమం పెట్టారు, 'సపోర్టింగ్ హెల్దీ మ్యారేజ్' అని. అందులో 6,300 దాకా జంటలున్నాయి. అక్కడ మంచి ఫలితాలే వచ్చాయి, కానీ చిన్నవి. ఒకరినొకరు చూసుకునే తీరు కొంత మెరుగైంది, కలిసి ఉండిపోయే జంటల సంఖ్య మాత్రం మారలేదు.

ఆ తర్వాతి విడతలో దాంపత్య పాఠానికి ఉద్యోగ సాయాన్ని జోడించారు. పిల్లల్ని పెంచుతున్న పేద జంటలు ఒకే చోటికి వచ్చి మాట తీరు నేర్చుకోవడం, అదే చోట ఉద్యోగం వెతికిపెట్టే మనిషిని కలవడం. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్, ఎల్ పాసో, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ఇలా నడిచిన చోట్లు. కీచులాట తగ్గడం, పిల్లల విషయంలో ఒకరికొకరు ఆసరా కావడం బాగానే కనిపించింది. సంపాదన మీద మాత్రం అంతటి ఫలితం రాలేదు. ఎందుకు రాలేదన్నది ఊహించడం కష్టం కాదు. బయోడేటా దిద్ది, ఇంటర్వ్యూకు చొక్కా ఇస్తే జీతాలు పెరగవు. జీతం నిర్ణయించేది బయట ఉన్న కంపెనీ, తరగతి గది కాదు.

ఇదే సంగతిని బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలు ఇంకా కుండబద్దలు కొట్టినట్టు చెప్పాయి. శాహీ ఎక్స్‌పోర్ట్స్ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకు అమెరికా బట్టల కంపెనీ గ్యాప్ రూపొందించిన 'పేస్' అనే 80 గంటల శిక్షణ ఇచ్చారు. మాట్లాడే తీరు, సమయం సర్దుకోవడం, ఒత్తిడి తట్టుకోవడం, సమస్య వస్తే ఎలా అడగాలో అందులో నేర్పుతారు. అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ నిషాదం అనే ఆర్థికవేత్తలు దీన్ని లాటరీ పద్ధతిలో పరీక్షించారు. శిక్షణ పొందినవాళ్ళ పనితనం మిగతావాళ్ళకంటే పది శాతానికి పైగా పెరిగింది. పెట్టిన ఖర్చు మీద కంపెనీకి శిక్షణ ముగిసిన ఎనిమిది నెలల్లో రెండున్నర రెట్ల లాభం వచ్చింది. మరి వాళ్ళ జీతం? అర శాతం. నెలకు పదివేలు తెచ్చుకునే మనిషికి అది యాభై రూపాయలు. నేర్చుకున్న మాట తీరు లైన్ సూపర్‌వైజరుకు, టార్గెట్‌కు బాగా పనికొచ్చింది. ఆ మాట తీరు సాయంత్రం ఇంటికెళ్ళాక ఏమైందన్నది కూడా ఎవరైనా కొలిస్తే బాగుండేది.

బెంగళూరు గార్మెంట్ ఆడవాళ్ళకు గొంతు లేదనుకోవడం మాత్రం పొరపాటు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ సొమ్ము తీసుకోవడం మీద కేంద్రం కొత్త ఆంక్షలు పెట్టినప్పుడు వేల మంది హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు దిగ్బంధించారు. రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. ఢిల్లీని దిగొచ్చేలా చేసిన మనిషి, ఏటీఎం కార్డు నా దగ్గర ఉండనీ అని ఇంట్లో అడగలేకపోతోందంటే లోపం ఆమె నోట్లో లేదు. అక్కడ వేలమంది పక్కనున్నారు, ఇక్కడ ఒక్కతే.

అందుకే పాఠం ఇద్దరికీ కలిపి కావాలి. అలాగని ఇంగ్లీషు పుస్తకాల్లోని పాఠాన్ని తెలుగులోకి దించితే నవ్వులాటవుతుంది. 'ఐ ఫీల్' అంటూ వాక్యం మొదలుపెట్టమని అక్కడ నేర్పిస్తారు. షెడ్డులో ఎవరూ అలా మాట్లాడరు. తమాషా ఏంటంటే తెలుగుకు ఆ పాఠం అక్కర్లేదు. మనం నిన్ను కోప్పడ్డాననే కాదు, నాకు కోపమొచ్చింది అనీ అంటాం. కోపం ఎక్కడినుంచో వచ్చినట్టు, నేను దాన్ని మోస్తున్నట్టు. నాకు బాధేసింది, నాకు భయమేసింది కూడా అంతే. ఎదుటివాణ్ణి బోనెక్కించకుండా మనసులో ఉన్నది చెప్పే దారి భాషలోనే ఉంది. గొడవలో మాత్రం అది వదిలేసి "నీకెప్పుడూ నీ సావాసగాళ్ళే" దగ్గర మొదలుపెడతాం. దాన్ని "శనివారం డబ్బు ఇంటికి రాలేదు. సోమవారం పాలవాడు అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది" అని మార్చి చెప్పించడం ఒక ఆదివారం అభ్యాసం కావచ్చు. మొదటిది విన్న మగవాడు సావాసగాళ్ళ తరఫున వాదనకు దిగుతాడు. రెండోది విన్నవాడికి వాదించడానికి ఏమీ దొరకదు, పాలవాడి ముఖం కనిపిస్తుంది. మగవాడి వైపు అభ్యాసం ఇంకా కష్టం. పది రోజులుగా పని లేదు, నాకు భయంగా ఉంది అని పెళ్ళాంతో అనడం. దాన్ని నోటితో అనలేకే సగం గొడవలు చేతిదాకా వస్తాయి.

అన్ని ఇళ్ళకూ ఇది సరిపోదు. బాల్టిమోర్ చెప్పిన పాఠం అదే. దెబ్బలు అలవాటైపోయిన ఇంట్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మనసు విప్పమంటే, ఆమె విప్పిన మనసుకు ఇంటికెళ్ళాక మూల్యం చెల్లించేది ఆమే. కనుక చేర్చుకునేముందు ఆమెతో విడిగా, ఆమె భాషలో, మరో ఆడమనిషి మాట్లాడాలి. అలాంటి ఇల్లని తెలిస్తే ఆమెకు చూపాల్సిన దారి 2005 నాటి గృహహింస చట్టం, రక్షణాధికారి. జంటల తరగతి కాదు.

మిగిలిన ఇళ్ళకైనా తరగతి నిలవాలంటే బిడ్డను ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు ముందు జవాబు కావాలి. పనికైనా అంతే, పాఠానికైనా అంతే. చట్టం కాగితం మీద ఎప్పుడో జవాబు చెప్పింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి ఆడవాళ్ళున్న చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి ఆడవాళ్ళున్న సైట్‌లో అదే చెప్పింది, 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతి ఈ రెండింటి స్థానంలోకి వచ్చేదాకా. సైట్ల దగ్గర దీనికి తేలికైన మందు కనిపెట్టారు. పనిని నలుగురు మేస్త్రీలకు పంచితే ఎవరి పట్టీలోనూ యాభై మంది ఆడవాళ్ళు తేలేవారు కాదు. అంగన్‌వాడీ సాయంత్రం నాలుగింటికి మూస్తారు, ఫ్యాక్టరీ వదిలేసరికి ఐదున్నర, బస్సు దిగేసరికి ఏడు. ఆ మూడు గంటల కోసం ఒక ఆడమనిషి జీతం ఆగిపోతుంది. లేదా ఎనిమిదేళ్ళ అక్క బడి ఆగిపోతుంది. బిడ్డను ఇసుక కుప్ప దగ్గర చీర ఉయ్యాల్లో వేసి తట్ట మోసే తల్లి ఇప్పటికీ కనిపిస్తుంది. ఇందులో తండ్రి ఊసు ఎక్కడా లేదు. రువాండాలో ఐదేళ్ళలోపు పిల్లలున్న తండ్రులతో, కొన్ని వారాలు వాళ్ళ భార్యలనూ కలిపి, 'బండెబెరెహో' అనే తరగతులు నడిపి లాటరీ పద్ధతిలో పరీక్షిస్తే దాదాపు రెండేళ్ళ తర్వాత కూడా ఆ ఇళ్ళలో హింస బాగా తక్కువగా కనిపించింది, మగవాళ్ళు పిల్లల పనిలో చేయిపెట్టడం ఎక్కువైంది. పక్క షెడ్డువాడి ఎకసెక్కానికి మందు కూడా బహుశా అక్కడే ఉంది. పిల్లాడి ముక్కు తుడిచే మగవాళ్ళు పది మంది ఒకచోట కూర్చుంటే ఎకసెక్కమాడటానికి ఎవడూ మిగలడు.

వలస వచ్చిన తెలుగువాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. కర్ణాటక ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే ఆసరా ఏమీ చిన్నది కాదు. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద బస్సు ఉచితం, అదే ఏడాది ఆగస్టు నుంచి గృహలక్ష్మి కింద కుటుంబ పెద్దగా ఉన్న ఆడమనిషికి నెలకు 2,000 రూపాయలు. కన్నడ పొరుగింటావిడ జీరో టికెట్‌తో ఫ్యాక్టరీకి పోతుంది. అదే బస్సులో అదే ఫ్యాక్టరీకి పోయే కదిరి ఆమె ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటే డబ్బిచ్చి టికెట్ కొనాలి. రేషన్ మాత్రం 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పుణ్యమా అని ఇక్కడా తీసుకోవచ్చు. నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యత్వానికి ఏ రాష్ట్రం వాళ్ళయినా అర్హులే, ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం ఉండాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మేస్త్రీ ఆ సమయానికి ఫోన్ ఎత్తడు. కట్టడాల విలువలో ఒక శాతం సెస్సుగా పోగైన సొమ్ము మండలి దగ్గర వేల కోట్లలో ఉంది. సైట్‌కో శిశుగది, తెలుగు, కన్నడం, హిందీ వచ్చిన ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, వాన పడి పని ఆగిన రోజుల్లో ఇంకో సైట్‌లో పని చూపించే ఫోన్ నంబరు. ఖర్చు లెక్కలో డబ్బు దగ్గర ఆగిపోయేంత పెద్ద కోరికలు కావివి.

కష్టం కాలెండర్‌తోనే. ఆదివారం తప్ప వేరే రోజు కుదరదు, ఆదివారమంటే బట్టలుతకడం, సంత, నిద్ర. ఓక్లహోమాలో 30 గంటలు పట్టింది గనక ఇక్కడా రెండేసి గంటల చొప్పున పదిహేను ఆదివారాలు పెట్టుకుంటే, అవి వరసగా దొరికే కాలం ఏడాదిలో ఒకటే. సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళు షెడ్లకు తిరిగొచ్చేది జనవరి ఆఖరుకు. అక్కణ్ణుంచి మే దాకా వానలు తక్కువ, పని నిలకడగా ఉంటుంది. ఉగాదికి ఒక ఆదివారం పోతుంది. జూన్‌లో బడులు తెరుస్తారు. పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఊళ్ళో అవ్వ దగ్గర వదలాలా, పెద్దదాన్ని కూడా ఇక్కడికి తెచ్చి కన్నడ బడిలో వేయాలా, వేస్తే బడి వదిలాక వాళ్ళను ఎవరు చూడాలి, ఆమె ఫ్యాక్టరీ మానాలా, అతను రాత్రి వాచ్‌మన్ పనికి మారాలా అన్న తగువు ప్రతి షెడ్డులోనూ మేలోనే లేస్తుంది. పదిహేనో ఆదివారం పుస్తకం పక్కన పెట్టి దాన్నే పాఠంగా తీసుకోవచ్చు. పని చూపించే మనిషి కూడా ఆ రోజు గదిలో ఉండాలి.